ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య

మనుష్యుల ముఖాలు ఒకే తీరుగా ఉండనట్లే వారి మనస్సులు కూడా ఒకే తీరుగా ఉండవు. కొందరి బుద్ధి గీచిన గీటు వెంట నెమ్మదిగా నడుస్తుంది. మరికొందరి బుద్ధి వానకాలపు వాగువలె పలుపాయలై పరుగెత్తుతుంది. బడి, కార్యాలయం, కొలువు అన్నీ మొదటి తీరు వారిని దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవే. అందువల్ల రెండవ తీరు వారు చిన్ననాటి నుంచి మందలింపులు వింటూ, లోపమంతా తమలోనే ఉన్నదని నమ్ముతూ పెరుగుతారు. మెదడు పనిచేసే తీరులో పుట్టుకతో వచ్చే ఇటువంటి భేదాలను నేడు నాడీ వైవిధ్యం అంటున్నారు. ఆటిజం, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ వంటివి ఈ కోవకు చెందుతాయి. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, అభ్యసన వైకల్యాలను ప్రత్యేకంగా గుర్తించింది. అయినా తమ మనస్సు తీరు ఇటువంటిదని పెద్దవారైన తరువాత గాని తెలుసుకోలేనివారు ఎందరో ఉన్నారు. వారికి ముఖ్యంగా కావలసినవి రెండు. ఒకటి, తమ స్వభావాన్ని తాము ఉన్నదున్నట్లుగా అంగీకరించడం. రెండవది, ఆ స్వభావంతోనే తమను తమవారిగా చేర్చుకొనే సమాజం.

నూరేండ్ల క్రిందట ఈ మాటలు నేటి అర్థంలో వాడుకలో లేవు. ఆనాటి వ్యక్తికి ఈనాటి వైద్యశాస్త్రపు పేరు తగిలించడం న్యాయం కాదు. అయితే ఏ చట్రంలోను ఇమడని స్వభావంతో పుట్టి, ఆ స్వభావాన్ని దాచుకొనక, దానినే ధనంగా భావించి, తన చుట్టూ తనవారిని కూర్చుకొన్న మహనీయుడొకరు మన తెలుగునేలపై జీవించారు. ఆయనే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన జీవితం స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఒక ఉజ్జ్వల ఘట్టం. తనకు తగిన చోటు వెదకుకొంటున్న ప్రతి యువకునికి, ప్రతి యువతికి అది ఆత్మీయమైన పాఠం కూడా.

గోపాలకృష్ణయ్య 1889వ సంవత్సరం జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. మునేటి ఒడ్డున ఉన్న ఆ గ్రామం నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరి ఉన్నది. ఆయన తండ్రి కోదండరామస్వామి. పుట్టిన మూడవ రోజుననే తల్లి కన్నుమూసింది. మూడవ ఏట తండ్రి కూడా మరణించారు. తల్లిదండ్రుల నీడ లేని ఆ పసివానిని పినతండ్రి, నాయనమ్మ చేరదీసి పెంచారు. పుట్టినది కృష్ణా జిల్లాలోనే అయినా, ఆయన చదువుకొన్నదీ, పనిచేసినదీ, చివరకు కన్నుమూసినదీ ఎక్కువగా ఆనాటి గుంటూరు జిల్లాలోనే.

గుంటూరు ఆనాటికే చైతన్యవంతమైన పట్టణం. చుట్టూ నల్లరేగడి పొలాలు. పల్నాటి మెట్టల నుంచి ఒంగోలు దాకా పత్తి, మిరప పండే నేల. పంటను నమ్ముకొన్న రైతులు, నూలును నమ్ముకొన్న నేతగాండ్రు, న్యాయస్థానాల చుట్టూ పెరిగిన విద్యావంతులు ఆ పట్టణంలో కలిసేవారు. అటువంటి ఊరిలో ఉన్నత పాఠశాల విద్యార్థిగా ఉన్న గోపాలకృష్ణయ్య మనస్సు పాఠ్యపుస్తకాలతో తృప్తి పడలేదు. సంగీతం, నాటకం ఆయనను బలంగా ఆకర్షించాయి. చదువుకొనే వయస్సులోనే జాతీయ నాట్యమండలి అనే సంస్థను నెలకొల్పి, తోటివారిని కూడగట్టి ప్రదర్శనలకు పూనుకొన్నారు. తనకు నచ్చిన పని చేయడానికి చోటు లేకపోతే ఆ చోటును తానే కల్పించుకోవాలన్న బుద్ధి ఆయనకు ఆనాడే అంకురించింది.

చదువు ముగిసిన తరువాత బాపట్లలోని తాలూకా కార్యాలయంలో ఆయన ఒక సంవత్సరంపాటు పనిచేశారు. ఆ రోజులలో ప్రభుత్వోద్యోగం గౌరవానికి, భద్రతకు చిహ్నం. దొరికిన కొలువును విడిచిపెట్టడం అవివేకమని లోకం భావించే కాలం. తల్లిదండ్రులు లేని యువకునికి ఆ భద్రత మరింత అవసరం. అయినప్పటికీ దస్త్రాల నడుమ ఆయన నిలువలేకపోయారు. మిత్రుడు నడింపల్లి నరసింహారావు సహకారంతో సముద్రాలు దాటి స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరారు. అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందారు.

విదేశవాసం ఆయనకు ఒక గొప్ప స్నేహాన్ని ప్రసాదించింది. భారతీయ కళల ఔన్నత్యాన్ని ప్రపంచానికి చాటిన ఆనంద కుమారస్వామితో ఆయనకు సాన్నిహిత్యం కలిగింది. నందికేశ్వరుడు సంస్కృతంలో రచించిన అభినయదర్పణాన్ని వారిరువురూ కలిసి ఆంగ్లంలోకి అనువదించారు. తల, కన్నులు, మెడ, చేతులు పలికించే భావాలను శాస్త్రీయంగా వివరించే గ్రంథమది. ఆ అనువాదాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. నాట్యం పట్ల, నటుల పట్ల చులకనభావం ప్రబలి ఉన్న ఆ కాలంలో నాట్యశాస్త్ర గ్రంథమొకటి పాశ్చాత్య పండితుల చేతికి అందడం సామాన్యమైన విషయం కాదు. బాల్యంలో చదువుకు అడ్డంకిగా కనిపించగల కళాభిరుచి పెద్దతనంలో పాండిత్యమై ఫలించింది. కుమారస్వామి వంటి సహృదయుని పరిచయం తన ఆసక్తులు వ్యర్థమైనవి కావన్న నమ్మకాన్ని ఆయనకు కలిగించి ఉంటుంది. మనల్ని అర్థం చేసుకొనే ఒక్క మనిషి తారసపడినా జీవితం మలుపు తిరుగుతుందనడానికి ఇది నిదర్శనం.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆయన రాజమహేంద్రవరంలోను, అనంతరం బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలోను అధ్యాపకులుగా పనిచేశారు. బందరు కళాశాల 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య మొదలైన దేశభక్తుల కృషితో వెలసినది. విదేశీ పద్ధతికి భిన్నంగా జాతీయ విద్యను అందించాలన్నది దాని ఆశయం. ఆశయం ఆయనకు నచ్చినదే. కాని అక్కడ కూడా ఆయన ఎక్కువ కాలం ఉండలేకపోయారు. బోధన విషయంలో ఆయన భావాలు వేరు. నియమావళిని అనుసరించి నడిచే సంస్థకూ, తలపు కలిగిన క్షణంలోనే కార్యరంగంలోకి దూకే ఆయన స్వభావానికీ పొత్తు కుదరలేదు. అందులో ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. సంస్థకు స్థిరత్వం కావాలి. ఆయనకు స్వేచ్ఛ కావాలి.

ఈ దశలో ఆయనను చూచిన లోకానికి ఏమి కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తాలూకా కార్యాలయం విడిచినవాడు, రెండు కళాశాలలు విడిచినవాడు, విదేశీ పట్టం ఉండి కూడా స్థిరమైన జీవనం లేనివాడు. ఇటువంటి స్థితిలో పలువురు తమ్ము తాము నిందించుకొంటారు. పదిమందివలె ఉండలేకపోతున్నామని కుంగిపోతారు. లేదా పదిమందివలె కనిపించడానికి ప్రయత్నించి ప్రయత్నించి అలసిపోతారు. గోపాలకృష్ణయ్య మూడవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. తనకు తగిన సంస్థ ఎక్కడా లేదని గ్రహించి, దానిని తానే నిర్మించడానికి పూనుకొన్నారు. అందుకు ఆయన ఎంచుకొన్న చోటు చీరాల.

చీరాల ఆనాడు గుంటూరు జిల్లాలోని సముద్రతీరపు పట్టణం. 1970లో ప్రకాశం జిల్లాలో చేరి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో భాగమైనది. నల్లరేగడి పొలాలు ముగిసి ఇసుకనేల మొదలయ్యే చోట వెలసిన ఆ ఊరికి, దానిని ఆనుకొని ఉన్న పేరాలకు మగ్గమే ప్రధానమైన జీవనాధారం. చీరాలలో గోపాలకృష్ణయ్య ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను స్థాపించారు. తెలుగువారి సాహిత్యాన్ని, కళలను, విద్యను ఉద్ధరించడం దాని ఉద్దేశం. గోష్ఠి అనే మాటలోనే ఆయన మనస్సు తెలుస్తుంది. గోష్ఠి అంటే అధికారం చెలాయించే సభ కాదు. సమానమైన అభిరుచి కలవారు కూర్చొని మనస్సు విప్పి మాట్లాడుకొనే కూడిక. పాట వచ్చినవాడు పాట, పద్యం వచ్చినవాడు పద్యం, శాస్త్రం తెలిసినవాడు శాస్త్రం తెచ్చి అందరి ముందు పెట్టే చోటది. ఎవరికి ఏది వచ్చునో దానితోనే వారు అక్కడికి రావచ్చును.

దీనికి తోడుగా ఆయన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని రూపొందించారు. సుమారు వేయిమంది అందులో చేరారు. లంకకు వారధి కట్టిన వానరసేనను తలపునకు తెచ్చే పేరది. రామకథలో ఆ సేనకు రాజభవనాలు లేవు, ఆయుధాలు లేవు. నాగరికుల దృష్టిలో వారు కోతులు. అయినా రాముని కార్యం నెరవేరినది వారి వల్లనే. లోకం లెక్కపెట్టని సామాన్యులతో మహాకార్యాన్ని సాధించవచ్చునన్న విశ్వాసం ఆ పేరులో ధ్వనిస్తుంది. రుద్రాక్షమాల ధరించి, నుదుట సిందూరం దిద్దుకొని, పాటలు పాడుతూ సాగే రామదండు ఆనాటి విద్యావంతులలో కొందరికి వింతగా తోచి ఉండవచ్చు. సభలలో దొరల దుస్తులు గౌరవచిహ్నంగా ఉన్న కాలమది. ఎడింబరో పట్టభద్రుడు ఆ గౌరవాన్ని కోరుకొనలేదు. తనకు సహజమైన భక్తి, పాట, హాస్యం, నాటకం అనే నాలుగింటినీ దేశసేవకు సాధనాలుగా మలచుకొన్నారు. 1921 మార్చి నెలాఖరున, ఏప్రిల్ మొదటి తేదీన బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనది. పింగళి వెంకయ్య జాతీయ పతాకపు నమూనాను గాంధీజీకి అందించినది ఆ సందర్భంలోనే. అక్కడికి వెల్లువవలె తరలివచ్చిన జనానికి రామదండు ఎనలేని సేవ చేసింది.

గోపాలకృష్ణయ్య వక్తృత్వం ఆయన స్వభావానికి ప్రతిబింబం. సంస్కృత సమాసం నుంచి పల్లెవారి నుడికారానికి, అక్కడి నుంచి ఆశుకవిత్వానికి, గానానికి ఆయన ప్రసంగం అవలీలగా సాగిపోయేది. చాటువులు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. ఒక విషయం నుంచి మరొక విషయానికి దుమికే బుద్ధి బడిలో చంచలమని పేరు తెచ్చుకొంటుంది. వేదిక మీద అదే బుద్ధి వేలమందిని మంత్రముగ్ధులను చేసింది. ఆయనను ప్రజలు ప్రేమతో ఆంధ్రరత్న అని పిలుచుకొన్నారు.

ఆ ప్రేమకు అగ్నిపరీక్ష చీరాల పేరాల ఉద్యమం రూపంలో వచ్చింది. ఆ రెండు గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. అంతకు ముందు ఏటా సుమారు 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను భారం 40 వేల రూపాయలకు చేరింది. జనాభా 15 వేలకు మించని ఊళ్లు అవి. మగ్గం మీద బ్రదుకు వెళ్లదీసే కుటుంబాలకు అది మోయరాని భారం. పురపాలక సంఘాన్ని రద్దు చేయవలసిందని ప్రజలు మొరపెట్టుకొన్నారు. ప్రభుత్వం వినలేదు. ప్రజలు పన్నులు చెల్లించడం మానివేశారు. కొందరు కారాగారానికి వెళ్లారు. వారిలో ఒక వృద్ధురాలు కూడా ఉండడం ఆ ఊరి పట్టుదలకు తార్కాణం.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాలను దర్శించారు. ఆయన రెండు మార్గాలు సూచించారు. హింసకు దిగక పన్నుల నిరాకరణను కొనసాగించి కష్టాలను సహించడం ఒకటి. పురపాలక సంఘపు ఎల్లలు దాటి వెళ్లి, అక్కడ కొత్త ఊరు కట్టుకొని నివసించడం మరొకటి. నిర్ణయం ప్రజలకే విడిచిపెట్టారు. గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఊరు లేకపోతే పురపాలక సంఘం ఎవరిపై పన్ను వేస్తుంది? తర్కం సరళమైనది. ఆచరణ కఠోరమైనది.

మండువేసవి సమీపించిన ఆ రోజులలో సుమారు 13 వేలమంది తాతలనాటి ఇండ్లు విడిచి కదిలారు. ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు అందరూ ఆ ప్రయాణంలో ఉన్నారు. ఊరి వెలుపల పాకలు వేసుకొన్నారు. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టుకొన్నారు. తగవులు తీర్చుకొనడానికి తామే పంచాయతీని ఏర్పరచుకొన్నారు. రామదండు కాపలా కాచింది. సేవ చేసింది. పాటలతో, కథలతో ప్రజల మనస్సులను ఉల్లాసపరచింది. ఎండకు ఎండి, వానకు తడిసి, దాదాపు పదునొకండు నెలలు ఆ ప్రజలు రామనగరంలో జీవించారు. అదే కాలంలో ఆ మైదానంలోని పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమిశిస్తు నిరాకరణకు దిగారు. నేతగాండ్ర ఊరు, రైతుల ఊళ్లు ఒకే సంకల్పంతో మేల్కొన్న కాలమది.

ఏ సంస్థలోను ఇమడలేకపోయిన గోపాలకృష్ణయ్యకు రామనగరంలో చోటు దొరికింది. ఇసుకలో వేసిన ఆ పాకల నడుమ పట్టాలతో, హోదాలతో పని లేదు. భావావేశం అక్కడ ధైర్యంగా, హాస్యం ఓదార్పుగా, పాట ఔషధంగా మారాయి. ఇండ్లు విడిచి వచ్చిన ప్రజలకు ఆయన కావలసివచ్చారు. ఆయనకు ఆ ప్రజలు కావలసివచ్చారు. పరస్పరమైన ఆ అవసరమే నిజమైన సమాజానికి పునాది. జాలితో చేరదీసే చోట మనిషి ఆశ్రితుడవుతాడు. అవసరం గుర్తించి పిలిచే చోట ఆత్మీయుడవుతాడు.

అయితే ఈ కథలో మరొక పార్శ్వం కూడా ఉన్నది. దానిని దాచడం సత్యానికి ద్రోహం. రామనగరం నిలవాలంటే ధనం కావాలి. ఆ ధనం కోసం గోపాలకృష్ణయ్య ఊరూరా తిరిగారు. ఆయన బహిరంగ సభలలో మాట్లాడరాదని ప్రభుత్వం నిషేధించింది. 1921లో గంజాం జిల్లా బరంపురంలో జరిగిన ఆంధ్ర మహాసభకు వెళ్లిన ఆయన ఆ నిషేధాన్ని ధిక్కరించి ప్రసంగించారు. ప్రభుత్వం నిర్బంధించి ఒక సంవత్సరం కారాగారశిక్ష విధించింది. ఆయనను తిరుచిరాపల్లి చెరసాలకు పంపారు. నాయకుడు లేని రామనగరం క్రమంగా నీరసించింది. ధనసహాయం తగినంతగా అందలేదు. 1922 తొలి మాసాలలో ప్రజలు ఒకరి తరువాత ఒకరుగా బరువైన గుండెలతో పాత ఇండ్లకు తిరిగి వెళ్లారు.

ఒక వ్యక్తి ప్రతిభ చుట్టూ అల్లుకొన్న సమాజం ఆ వ్యక్తి దూరమైనప్పుడు ఎంత బలహీనమవుతుందో ఈ ఘట్టం తెలుపుతుంది. గోపాలకృష్ణయ్య స్వభావంలోని వేగమే ఆయన బలం. నిదానంగా నిధులు కూడబెట్టడం, పనులు పంచిపెట్టడం, తన తరువాత నడిపేవారిని సిద్ధం చేయడం వేరొక తీరు బుద్ధికి చెందిన పనులు. గీటు వెంట నడిచే బుద్ధి, పాయలై పారే బుద్ధి ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకటి వారధిని కలగంటుంది. మరొకటి రాళ్లు లెక్కపెట్టి పేరుస్తుంది. రెండూ కలిసిన చోటనే వారధి నిలుస్తుంది.

చెర నుంచి విడుదలైన తరువాత గోపాలకృష్ణయ్య తన స్వభావాన్ని మార్చుకొని భద్రమైన జీవితాన్ని వెదకుకొనవచ్చును. విదేశీ పట్టం ఉన్నది, పాండిత్యం ఉన్నది, పేరు ఉన్నది. కాని ఆయన ఆ దారి తొక్కలేదు. దేశసేవను, గోష్ఠిని విడువలేదు. దారిద్ర్యం వెంటాడింది. క్షయవ్యాధి శరీరాన్ని కృశింపజేసింది. 1928 జూన్ 10వ తేదీన ఆయన చీరాలలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 39 సంవత్సరాలు మాత్రమే. విజయవాడలోని ఆంధ్రరత్న భవనం ఆయన పేరును నేటికీ నిలుపుతున్నది. అంతకు మించిన స్మారకం చీరాల పేరాల ఉద్యమ చరిత్ర. ఆ పోరాటం ఆనాటికి తన లక్ష్యాన్ని చేరలేదు. కాని సామాన్యులు ఒక్కటై తమ ఊరినే వదలి నిలిచిన ఆ సాహసం స్వాతంత్ర్య సమర చరిత్రలో చిరస్థాయిగా నిలిచింది.

గోపాలకృష్ణయ్య జీవితాన్ని పరిశీలించినపుడు ఒక సత్యం స్ఫురిస్తుంది. తన్ను తాను అంగీకరించడం అంటే తనలో కొరతలు లేవని భావించడం కాదు. తన బలం ఎక్కడ ఉన్నదో, తన పరిమితి ఎక్కడ ఉన్నదో తెలుసుకొని, సిగ్గుపడక, గర్వపడక, ఉన్నదానితో పదిమందికి ఉపయోగపడడం. తరగతిలో అందరికంటె భిన్నంగా కనిపించే విద్యార్థి ఉంటాడు. అక్షరాలు తడబడేవాడు, కుదురుగా కూర్చోలేనివాడు, నలుగురిలో మాట కలపలేనివాడు, ఒకే విషయంలో రేయింబవళ్లు మునిగిపోయేవాడు. అతడు సోమరి కాడు, మొండి కాడు. అతని మనస్సు తీరు వేరు. అటువంటివారికి తమవంటివారు కలిసినపుడు, తాము ఒంటరి కామని తెలిసినపుడు కలిగే ఊరట మాటలకందనిది. తమవారు కనిపించనపుడు ఒక చిన్న గోష్ఠిని తామే ఆరంభించవచ్చును. దానికి భవనం అక్కరలేదు. ఇద్దరు చాలు.

మిగిలినవారి బాధ్యత కూడా తక్కువది కాదు. చీరాల ప్రజలు గోపాలకృష్ణయ్యను తమవంటివాడుగా మారమని అడుగలేదు. ఆయన ఎట్లా ఉన్నారో అట్లాగే తమ నాయకునిగా స్వీకరించారు. ఆ ఔదార్యం లేకపోతే తెలుగువారికి ఆంధ్రరత్న దక్కేవారు కారు. మన పక్కన కూర్చొన్న భిన్నమైన మనస్సును పిలిచి చోటిచ్చినపుడు, చీరాల ఇసుకనేలలో వెలసిన రామనగరం మన నడుమ మరల వెలుస్తుంది.